పరిశోధనను జనం మాటలోకి తెచ్చే పని: సీమలోనే ఉండి నేర్చుకోవడం, సంపాదించుకోవడం

కర్నూలు పెద్దాసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో ఏదైనా పరిశోధనలో చేరమని అడిగేటప్పుడు పేషెంటు చేతికి ఒక సమ్మతి పత్రం ఇస్తారు. అందులో తెలుగు చాలాసార్లు ఇలా నడుస్తుంది: "ఈ అధ్యయనంలో మీ భాగస్వామ్యం పూర్తిగా స్వచ్ఛందమైనది. ఏ సమయంలోనైనా ఎటువంటి జరిమానా లేకుండా మీరు మీ సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చును." ఆదోని నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చిన మనిషి చెవిన ఇందులో పడేది ఒక్కటే మాట, జరిమానా. ఆ మాట విని కొందరు సంతకం పెట్టకుండా లేచిపోతారు, కొందరు భయపడి పెట్టేస్తారు. రెండు చోట్లా సమ్మతి అనేది జరగలేదు.

అదే సంగతిని "ఇందులో చేరడం, చేరకపోవడం మీ ఇష్టం. చేరినాక వద్దనిపిస్తే మధ్యలో మానేయొచ్చు. మానేసినా మీ వైద్యం ఇప్పుడు జరిగినట్టే జరుగుతుంది, ఎవరూ ఏమీ అనరు" అని రాస్తే చదివి వినిపించిన వెంటనే తలకెక్కుతుంది. ఇంగ్లీషులో ఉన్న అర్థం ఒక్క వీసం తగ్గలేదు, పెరగలేదు. ఆరోగ్య పరిశోధన కమ్యూనికేషన్ అనే పనిలో సగం ఇదే. దీన్ని ఉద్యోగంగా చేసుకుని బతికేవాళ్లు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఉండి చేయగలిగినవాళ్ల అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి వార్డులో ఏ మాట ఎలా వినపడుతుందో దూరాన కూర్చున్నవాళ్లకు తెలిసే దారి లేదు.

ఈ పేరు కింద ఏ పనులున్నాయి

ప్రకటనల్లో 'హెల్త్ రీసెర్చ్ కమ్యూనికేటర్' అని కనిపించేది తక్కువ. పని వేర్వేరు పేర్లతో ఉంటుంది. మందుల కంపెనీలకూ క్లినికల్ రీసెర్చ్ సంస్థలకూ నివేదికలు రాసే మెడికల్ రైటర్ ఒకటి. ఇది ఇంగ్లీషు పని. బీఫార్మసీ, ఫార్మ్‌డీ, లైఫ్ సైన్సెస్ ఎమ్మెస్సీ, బీడీఎస్ వాళ్లు ఎక్కువగా వెళ్తారు. సమ్మతి పత్రాలు, ప్రశ్నావళులు తెలుగులోకి తేవడం రెండోది. స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ కార్యక్రమాల్లో కరపత్రాలు, ఫ్లిప్‌చార్టులు, ఆశా కార్యకర్తల శిక్షణ పుస్తకాలు తయారుచేయడం మూడోది. దీన్ని ఆ సంస్థల్లో ఐఈసీ (సమాచారం, విద్య, ప్రచారం) అనో ఎస్‌బీసీసీ (జనం అలవాట్లు మార్చే ప్రచారం) అనో అంటారు. పత్రికకూ రేడియోకూ ఆరోగ్య కథనాలు రాయడం ఇంకొకటి.

ఇవన్నీ ఒకే మనిషి చేయక్కర్లేదు. ఇంగ్లీషు రాత బలంగా ఉంటే మొదటిదానికి పొండి. తెలుగు చెవి బలంగా ఉంటే రెండోదీ మూడోదీ పట్టుకోండి. రెండు బలాలూ ఉన్నవాళ్లు చాలా అరుదు, వాళ్లకు పని కొరత ఉండదు.

ఇక్కడ పరిశోధన జరిగే చోట్లు మీరనుకున్నదాని కంటే ఎక్కువే. కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నుంచి ఉంది. అనంతపురం కాలేజీ 2000లో, కడప రిమ్స్ 2006లో వచ్చాయి. పీజీ చదివే ప్రతి డాక్టరూ ఒక థీసిస్ చేస్తారు. బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రి నుంచి హెచ్ఐవీ, క్షయ మీద అంతర్జాతీయ జర్నళ్లలో పేపర్లు వచ్చాయి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో లైఫ్ సైన్సెస్ విభాగాలున్నాయి. ఈ పనంతా చేసేది మన చుట్టూ, మన వాళ్ల మీదే. ఫలితం మాత్రం ఇంగ్లీషు జర్నల్లో ఉండిపోతుంది. రక్తం ఇచ్చిన ఊరికి ఏం తేలిందో తిరిగి చెప్పేవాళ్లు లేరు. ఆ ఖాళీని చూపించి పని అడగొచ్చు.

ముందు పరిశోధన అంటే ఏంటో నేర్చుకోండి

భాష బాగా వచ్చినా, పరిశోధన ఎలా నడుస్తుందో తెలియకపోతే తప్పులు తప్పవు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద చెన్నైలో ఉన్న జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ 'హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్' అని ఆన్‌లైన్ కోర్సు నడుపుతుంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. అధ్యయనాల రకాలు, శాంపిల్ సైజు, పక్షపాతం, నీతి నియమాలు అన్నీ అందులో వస్తాయి. డిగ్రీ ఏదైనా మొదట ఇది పూర్తిచేయండి. తర్వాత మనుషులతో చేసే పరిశోధనకు పాటించాల్సిన పద్ధతులు నేర్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (జీసీపీ) సర్టిఫికెట్. దీన్ని ఆన్‌లైన్లో ఉచితంగా ఇచ్చే సంస్థలున్నాయి, కొద్ది గంటల పని. క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగాల ప్రకటనల్లో జీసీపీ ఉందా అని తరచూ అడుగుతారు.

చదవాల్సిన పత్రం ఒకటుంది: ఐసీఎంఆర్ 2017లో తెచ్చిన జాతీయ నీతి మార్గదర్శకాలు. మొత్తం చదవలేకపోతే సమ్మతి గురించిన అధ్యాయం చదవండి. చదవడం రానివాళ్ల విషయంలో పరిశోధనతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి. చివర్లో పిలిచి సంతకం పెట్టించుకుంటే చెల్లదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లలను నోటిమాటగా ఒప్పించాలి, 12 నుంచి 18 ఏళ్ల వాళ్లకు వాళ్ల స్థాయిలో రాసిన వేరే కాయితం కావాలి. వీటికి తోడు తల్లిదండ్రుల సమ్మతి ఎటూ ఉండాలి. ఆ పిల్లల కాయితం తెలుగులో సరిగ్గా రాసేవాళ్లు చాలా తక్కువమంది. పెద్దవాళ్ల పత్రాన్నే కత్తిరించి ఇస్తుంటారు. మీ నమూనాల్లో అలాంటిది ఒకటి ఉంటే చూసినవాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

మందులను, వైద్యాలను మనుషుల్లో పరీక్షించి చూడటాన్ని ట్రయల్ అంటారు. సీటీఆర్ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీ ఎవరైనా చూడొచ్చు. 2009 జూన్ 15 నుంచి దేశంలో మందుల ట్రయల్స్ అందులో నమోదు కావడం తప్పనిసరి. ప్రతి నమోదులో ఎవరిని తీసుకుంటున్నారు, ఎంతమందిని, దేన్ని దేనితో పోలుస్తున్నారు, ఏ ఆసుపత్రుల్లో అన్నది ఉంటుంది. రోజుకు ఒక నమోదు తీసి, పదో తరగతి చదివే పిల్లకు చెప్పినట్టు 5 వాక్యాల్లో రాయండి. రెండు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

మాటలు ఎక్కడ కాలు జారుతాయి

ఈ పనిలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది, తొందరపడొద్దు.

'రిస్క్' అన్నచోట నిఘంటువు 'ప్రమాదం' అంటుంది. ఊర్లో ప్రమాదం అంటే బస్సు బోల్తా పడటం. "ఈ మందు వల్ల ప్రమాదం ఉంది" అంటే మనిషి పోతాడనే వింటారు. ఏం రావొచ్చో చెప్పండి: "కొంతమందికి వాంతి వచ్చినట్టు ఉంటుంది, కొంతమందికి ఒళ్లు దురద పెడుతుంది." 'కంట్రోల్ గ్రూపు'ను 'నియంత్రణ సమూహం' అంటే ఎవరికీ ఎక్కదు, కంట్రోల్ అని వదిలేస్తే రేషన్ బియ్యం గుర్తొస్తుంది. "ఇప్పుడు వాడుతున్న మందే వాడే గుంపు" అంటే సరిపోతుంది.

ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో తేలుతుందని చెప్పాలంటే 'లక్కీ డ్రా' అనొద్దు. డ్రాలో గెలిచినవాడికి మంచిది దొరికిందని, మిగతావాళ్లు ఓడిపోయారని అర్థమొస్తుంది. "బొమ్మా బొరుసా వేసినట్టు, డాక్టరు చేతిలో గానీ మీ చేతిలో గానీ ఉండదు" అనండి. ప్లాసిబోను 'ఉత్తుత్తి మాత్ర' అంటే మోసం చేస్తున్నారనుకుంటారు. "చూడ్డానికి అదే మాత్ర, లోపల మందు ఉండదు. మీకు ఏది వచ్చిందో మీకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు" అని పూర్తిగా చెప్పాలి.

'పాజిటివ్' వచ్చిందంటే మంచిదని సంబరపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "కళ్లెలో క్షయ క్రిమి కనిపించింది" అని రాయండి. రక్తం 5 ఎంఎల్ తీస్తామంటే ఎంతో తెలియదు, 'ఒక టీ చెంచాడు' అంటే తెలుస్తుంది. రక్తం తీసి అమ్ముకుంటారనే అనుమానం ఊళ్లలో నిజంగానే ఉంది. అందుకే ఎంత తీస్తారు, ఎన్నిసార్లు, ఏ పరీక్షకు, మిగిలింది ఏం చేస్తారు అన్న నాలుగూ పక్కపక్కనే ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది 'నష్టపరిహారం'. ఇంగ్లీషులో బస్సు చార్జీ ఇవ్వడానికీ, పరిశోధన వల్ల దెబ్బ తగిలితే ఇచ్చే డబ్బుకూ ఒకే మాట వాడేస్తారు, తెలుగులో రెండుచోట్లా నష్టపరిహారం పడుతుంది. "ప్రతి రాకకూ 300 రూపాయల నష్టపరిహారం" అని చదివితే ప్రతిసారీ ఏదో నష్టం జరుగుతుందనే కదా అర్థం. మొదటిది 'దారి ఖర్చు', 'ఆ పొద్దు పోయిన కూలి'. రెండోదానికి మాత్రమే నష్టపరిహారం.

'ప్రయోగం' అనే మాట సమ్మతి పత్రంలో వాడొద్దు. "మా మీద ప్రయోగాలు చేస్తారా" అన్న ప్రశ్నకు ఆ మాటే దారి తీస్తుంది. అలాగని పరిశోధన అన్న సంగతి దాచిపెట్టి "కొత్త వైద్యం" అని రాయడం అంతకంటే పెద్ద తప్పు. చేరితే తప్పకుండా బాగవుతామని నమ్మి చేరిన మనిషిని మోసగించినట్టే. "ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరిశోధన" అన్న వాక్యం మొదటి పేజీలో ఉండాలి.

మెషిన్ అనువాదం వాడే వాళ్లు గమనించాల్సినవి కొన్ని: 'డ్రగ్'కు మాదకద్రవ్యం, 'ట్రయల్'కు విచారణ, ట్రయల్లో ఒక 'ఆర్మ్'కు చేయి, 'సబ్జెక్ట్'కు విషయం అని పడుతుంటాయి. ఒక్కటి మిగిలిపోయినా మొత్తం పత్రం మీద నమ్మకం పోతుంది. పైగా కంపెనీ రహస్య పత్రాన్ని ఉచిత అనువాద సైటులో పెట్టడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే.

మాటల కోసం కడప బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి పాత నిఘంటువులు తిరగేయడం మంచి అలవాటు. జబ్బులకు మనకున్న పేర్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కానీ తుది తీర్పు వార్డుదే. ఓపీ వరండాలో అరగంట కూర్చుని జనం తమ బాధను ఏ మాటతో చెప్పుకుంటున్నారో రాసుకోండి. ఆయాసం, ఎగపోత, దమ్ము ఈ మూడూ ఒకరికి ఒకటే, ఇంకొకరికి వేర్వేరు. పేర్లు, వివరాలు రాసుకోవద్దు, మాటలు మాత్రమే.

అనువాదం పద్ధతిగా ఎలా జరుగుతుంది

ప్రశ్నావళులకు పాటించే క్రమం ఇది. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి తెస్తారు. రెండూ పక్కన పెట్టి ఒక ప్రతి చేస్తారు. మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. మూలంతో పోల్చి, తేడా వచ్చినచోట తెలుగును సరిచేస్తారు. తర్వాత 5 నుంచి 8 మంది పేషెంట్లకు చదివి వినిపించి ఏం అర్థమైందో అడుగుతారు. ప్రతి మార్పుకూ కారణం రాసి పెడతారు.

తిరుగు అనువాదం గురించి ఒక జాగ్రత్త. పుస్తకాల తెలుగు తిరుగు అనువాదంలో అందంగా సరిపోతుంది. 'ఉపసంహరించుకొనవచ్చును' అన్నది సరిగ్గా మూలానికే తిరిగి వెళ్తుంది. వాడుక తెలుగు కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకే తిరుగు అనువాదం బాగుందని సంతోషపడి, పేషెంట్లతో పరీక్ష మానేసే సంస్థలు తప్పుడు ప్రతిని ఖాయం చేసుకుంటాయి. మీరు అడ్డుపడి పరీక్ష చేయించాలి.

ఆ పరీక్షలో "అర్థమైందా" అని అడగొద్దు. ఎవరైనా అయిందనే అంటారు, డాక్టరు ముందు కాలేదని చెప్పడం మర్యాద కాదనుకుంటారు. "అమ్మా, ఇంటికి పోయినాక మీ కోడలికి ఏమని చెప్తావు?" అని అడగండి. "మధ్యలో మానేస్తే ఏమవుతుందంట?" అని అడగండి. ఐదుగురిలో ఇద్దరు ఒకేచోట తడబడితే తప్పు వాక్యానిది. మార్చి మళ్లీ వేరే మనుషులను అడగండి. ఆడవాళ్లనూ మగవాళ్లనూ, బడి ముఖం చూడనివాళ్లనూ కలిపి ఎంచుకోండి. ఎమ్మిగనూరు, ఆదోని వైపు, హిందూపురం, మడకశిర వైపు ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లుంటారు. కడప, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ. తెలుగు ప్రతి వాళ్లకు సరిపోతుందని అనుకోవద్దు, పరిశోధకుడికి ముందే చెప్పండి.

చివరి ప్రతిని ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో నీతి నియమాలు చూసే సంఘం, ఆమోదించాలి. ప్రతి పేజీ అడుగున వెర్షన్ నంబరు, తేదీ ఉండాలి. ఆమోదం వచ్చాక అచ్చుతప్పు కనబడిందని ఎవరో సరిచేసి ప్రింటు తీస్తే, అది ఆమోదం లేని పత్రం కిందికే వస్తుంది. దాని మీద తీసుకున్న సంతకాలన్నీ ప్రశ్నార్థకమవుతాయి. చిన్న మార్పైనా కొత్త వెర్షన్ నంబరుతో కమిటీకి పోవాల్సిందే.

పేపరును వార్తగా రాయడం: చింతపండు ఉదాహరణ

అనంతపురం జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్లు లేరు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఒక పేపరు వేశారు. ఆరోగ్యంగా ఉన్న 18 మంది బాలురకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది.

దీనికి "చింతపండుతో ఫ్లోరోసిస్ మాయం" అని శీర్షిక పెట్టడం ఎంత తేలికో చూడండి. పేపరు అలా అనలేదు. వాళ్లు కొలిచింది మూత్రంలో ఫ్లోరైడ్‌ను. వంగిన ఎముక బాగైందా, పళ్ల మీద మరక పోయిందా అన్నది కొలవలేదు. పిల్లలు 18 మందే, రోజులు 18. కాబట్టి ఇలా రాయాలి:

"రోజూ భోజనంలో కాస్త చింతపండు తింటే ఒంట్లోని ఫ్లోరైడ్ మూత్రంలో కొంచెం ఎక్కువగా బయటికి పోతుందని 18 మంది బాలురతో చేసిన ఒక చిన్న పరిశోధనలో తేలింది. దీంతో ఫ్లోరోసిస్ నయమవుతుందని గానీ రాకుండా ఆగుతుందని గానీ ఇది చెప్పదు. ఇప్పటికే వంగిన ఎముకలు చింతపండుతో సరికావు. ముందు చేయాల్సింది తాగే నీళ్లు మార్చడం."

ఈ నాలుగు వాక్యాలకూ ఒక్కో పని ఉంది: ఏం తేలింది, ఏం తేలలేదు, చదివినవాళ్లు పొరపడే చోటు, చేయాల్సింది. ఏ పేపరు చేతికొచ్చినా ఎవరి మీద చేశారు, ఎంతమంది, ఎన్నాళ్లు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు, డబ్బు ఎవరిచ్చారు అని ముందు ఒక కాయితం మీద రాసుకోండి. సారాంశం మాత్రమే చదివి రాయొద్దు. డబ్బు ఎవరిదన్నది, పరిశోధకులే ఒప్పుకున్న లోపాలు పేపరు చివర్లో ఉంటాయి.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒక మందు వాడనివాళ్లు 200 మందిలో నలుగురికి జబ్బు వచ్చింది, వాడినవాళ్లు 200 మందిలో ఇద్దరికి వచ్చింది అనుకుందాం. 'ముప్పు 50 శాతం తగ్గింది' అన్నా నిజమే, 'నూటికి ఇద్దరికి వచ్చేది నూటికి ఒకరికే వచ్చింది' అన్నా నిజమే. మొదటిది విన్నవాడు మందు కొనడానికి పరుగెత్తుతాడు, రెండోది విన్నవాడు ఆలోచిస్తాడు. రెండోదే రాయండి. నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్క తెలిసిన ప్రతి మనిషికీ నూటికి ఇద్దరు అన్నది తెలుస్తుంది, దశాంశాలతో పని లేదు. 'స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్'ను 'గణనీయంగా' అని రాయడం ఇంకో పెద్ద పొరపాటు. యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కాకపోవచ్చు అన్నంత వరకే దాని అర్థం. బీపీ రెండు పాయింట్లు తగ్గినా అలా అనొచ్చు.

జిల్లా గణాంకాలకు వాడే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21ది. అందులో అనంతపురం అంటే ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాతో కలిపి, కర్నూలు అంటే నంద్యాలతో కలిపి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. ఆ ఒక్క మాట చేర్చకుండా అంకె వాడితే తప్పు సమాచారమే.

తీసుకోకూడని పని, దాటకూడని గీత

మెడికల్ కాలేజీలున్న ఊళ్లలో మొదట వచ్చే డబ్బు థీసిస్ రాసిపెట్టమని వస్తుంది. ఒప్పుకోవద్దు. భాష సరిదిద్దడం, పట్టికలు చక్కబెట్టడం, తెలుగు సారాంశం రాయడం చేయొచ్చు. అది కృతజ్ఞతల పేజీలో చెప్పుకునే పని. డేటా తయారుచేయడం, మొత్తం రాయడం పరిశోధన పేరుతో జరిగే మోసం, బయటపడితే ఇద్దరికీ నష్టం. జర్నల్ పేపర్లలోనూ రచయితగా పేరు ఉండాలంటే వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) నాలుగు షరతులు పెట్టింది: పనిలో గట్టి పాలు, రాయడం లేదా లోతుగా సవరించడం, తుది ప్రతికి ఆమోదం, మొత్తానికి జవాబుదారీ. మీరు రాతలో సాయం చేసి ఉంటే ఆ సంగతీ, డబ్బు ఎవరిచ్చారన్నదీ పేపర్లో చెప్పించండి.

హెచ్ఐవీ ఉన్న మనిషి నమ్మి చెప్పిన వివరాలను వాళ్ల ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్ఐవీ చట్టం చెబుతుంది. ముఖం మసకపరిస్తే చాలనుకోవద్దు. ఊరి పేరు, భర్త వృత్తి, పిల్లల సంఖ్య కలిస్తే మండలమంతా గుర్తుపడుతుంది. వైద్యానికి ఇచ్చిన సమ్మతి ఫొటో అచ్చేయడానికి పనికిరాదు, దానికి వేరే సంతకం కావాలి. షుగరు, క్యాన్సరు లాంటి జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అలాంటి ప్రకటన రాసిపెట్టిన పేరు మీద పడితే ఏ పరిశోధన సంస్థా దగ్గరికి రానివ్వదు.

అచ్చు దగ్గర

యూనికోడ్‌లో టైపు చేసిన పత్రాన్ని డీటీపీ షాపులో అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో వత్తులు ఎగిరిపోతాయి, పొల్లులు పక్కకు జరుగుతాయి, దశాంశ చుక్క మాయమవుతుంది. 0.5 కాస్తా 05 అయితే మందు మోతాదు పదింతలు. మిల్లీగ్రాముకు 'మి.గ్రా.', మైక్రోగ్రాముకు 'మై.గ్రా.' అని పొట్టిగా రాస్తే చిన్న అచ్చులో రెండూ ఒకటే. మైక్రోగ్రామును ఎప్పుడూ పూర్తిగా రాయండి. అక్షరం 14 పాయింట్లకు తగ్గొద్దు, పెద్దవాళ్లు చదివేదైతే 16. ప్రూఫు ఫోన్లో చూసి సరే అనొద్దు. కాయితం మీద తీయించి, ప్రతి అంకెనూ మూలంతో వేలుపెట్టి పోల్చి, తేదీతో సంతకం చేసి ఇవ్వండి.

రేడియోకు రాసేటప్పుడు లెక్క వేరు. ఆకాశవాణి కడప, అనంతపురం, కర్నూలు కేంద్రాలకు ఆరోగ్య ప్రసంగం పంపాలంటే నిమిషానికి 90, 100 మాటలు దాటకుండా చూసుకోండి. అంకె చెబితే రెండుసార్లు చెప్పండి. విన్నవాళ్లు వెనక్కి తిప్పి చూసుకోలేరు.

పని పట్టడం, డబ్బు

నమూనాలు ఆరు చాలు. ఒక సమ్మతి పత్రం, ఒక పిల్లల కాయితం, ఒక పేపరుకు తెలుగు సారాంశం, ఒక కరపత్రం, ఒక ఐదు నిమిషాల రేడియో ప్రసంగం, ఇంగ్లీషులో ఒక సారాంశం. నిజంగా ఒక సంస్థ కోసం చేసిన రహస్య పత్రాన్ని నమూనాగా చూపొద్దు. సీటీఆర్ఐలో అందరికీ కనిపించే వివరాల నుంచి, ఉచితంగా వాడుకోవచ్చని లైసెన్సు ఉన్న పేపర్ల నుంచి సొంతంగా తయారుచేసుకోండి. ప్రతి నమూనా కింద ఎంతమందికి చదివి వినిపించారు, వాళ్లు ఎక్కడ తడబడ్డారు, ఏం మార్చారు అని మూడు వరుసలు రాయండి. డిగ్రీల జాబితా కంటే ఆ మూడు వరుసలే పని తెచ్చిపెడతాయి.

మొదటి ఏడాదిలో కనీసం ఆరు నెలలు క్షేత్రంలో ఉండే ఉద్యోగం చేయమని గట్టిగా చెబుతాం. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, స్టడీ కోఆర్డినేటర్, కౌన్సిలర్, ఏదైనా సరే. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. కానీ వంద గడపల్లో ఒకే ప్రశ్న అడిగాక ఆ ప్రశ్నలో లోపం ఎక్కడుందో మీకు తెలిసినంతగా దాన్ని రాసినవాళ్లకు తెలియదు. కాలేజీల్లో పని కావాలంటే కమ్యూనిటీ మెడిసిన్ విభాగంతో మొదలుపెట్టండి, ఊళ్ల సర్వేలు వాళ్లవే. వాళ్ల పాత ప్రశ్నావళిలో ఒక పేజీ తీసుకుని సరిదిద్ది చూపించండి.

అనువాద సంస్థలు ముందు పరీక్ష పెడతాయి. 250, 300 మాటల దాకా ఉచితంగా చేయొచ్చు. 2,000 మాటల 'టెస్ట్' పంపితే అది పరీక్ష కాదు, పనే, మర్యాదగా రేటు చెప్పండి. రేటు ఇంగ్లీషు మూలంలోని మాటల లెక్కన మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగులో మాటలు అతుక్కుని సంఖ్య తగ్గిపోతుంది. జాగ్రత్తగా చేస్తే రోజుకు 1,500 నుంచి 2,000 మాటలకు మించి సాగదు. అంతకంటే ఎక్కువ అడిగితే గడువు పెంచమనండి. తిరుగు అనువాదం, పేషెంట్లతో పరీక్ష, కమిటీ అడిగిన సవరణలు దేనికదే విడిగా రాయించుకోండి. ఒకే మొత్తానికి ఒప్పుకుంటే మూడో సవరణ దగ్గర మీ చేతి డబ్బు పోతుంది.

కంపెనీలు బిల్లు ఇచ్చిన 30 నుంచి 60 రోజులకు డబ్బు వేస్తాయి. నిర్ణీత మొత్తం దాటితే ఫీజులో 10 శాతం టీడీఎస్ కింద ముందే పన్నుగా కోసి వేస్తారు, రిటర్న్ దాఖలు చేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. చిన్న స్వచ్ఛంద సంస్థల దగ్గర సగం ముందే అడగండి. పేషెంట్లతో పరీక్షకు తిరిగిన బస్సు టికెట్లు, వచ్చినవాళ్లకు ఇచ్చిన దారి ఖర్చు రశీదులు బిల్లుకు జతచేసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.